కళేబరానికి కత్తి తగిలితే

దొమ్మ రోగాన్ని తెచ్చే ఆంత్రాక్స్ సూక్ష్మజీవి పశువు ఒంట్లో ఉన్నంతసేపు మరీ మొండిదేమీ కాదు. చచ్చిన పశువును కోయకుండా ఉంచితే లోపలి కుళ్లుకే కొద్ది రోజుల్లో చాలావరకు నశిస్తుంది. నెత్తురు బయటపడి గాలి సోకిందంటే మాత్రం గట్టి పెంకు కట్టుకుని సిద్ధబీజమైపోతుంది. ఆ బీజం తిండీ నీరూ లేకుండా మట్టిలో దశాబ్దాలు పడి ఉండగలదు. శాస్త్రవేత్త రాబర్ట్ కాక్ 1876లోనే ఈ సూక్ష్మజీవి జీవితచక్రాన్ని బయటపెట్టాడు. 1942లో బ్రిటిష్ వాళ్లు స్కాట్లండ్‌లోని గ్రునార్డ్ దీవిలో ఈ బీజాలతో బాంబులు పేల్చి చూశారు. రెండు చదరపు కిలోమీటర్లయినా లేని ఆ దీవిని శుద్ధి చేయడానికి 1986లో 280 టన్నుల ఫార్మాల్డిహైడ్‌ను సముద్రపు నీటిలో కలిపి చల్లాల్సి వచ్చింది. 1990 దాకా అక్కడ కాలు పెట్టవచ్చని ప్రకటించలేదు.

మన పొలాల్లో ఫార్మాల్డిహైడ్ చల్లేవారు లేరు. వాననీరు బీజాలను పల్లానికి చేరుస్తుంది. ఎండాకాలం మిగిల్చిన పొట్టి గడ్డిని గొర్రె మట్టితో సహా కొరుకుతుంది. సున్నం ఎక్కువగా ఉన్న నేలల్లో బీజం మరింత కాలం నిలుస్తుంది. కళేబరం పూడ్చిన గుంటలో సున్నం పోస్తే పని అయిపోయిందనుకునేవాళ్లు ఇది కాస్త ఆలోచించాలి.

తొలకరి పడ్డాక ఒక పొద్దున దొడ్డిలో గొర్రె చచ్చి పడి ఉంటుంది. ముందురోజు సాయంత్రం బాగానే మేసింది. పొట్ట ఉబ్బి, కాళ్లు బిగుసుకోకుండా, ముక్కు నుంచీ వెనక నుంచీ నల్లటి నెత్తురు గడ్డకట్టకుండా కారుతుంటుంది. తొలకరి పచ్చికకు వచ్చే చిటుకు రోగం కూడా ఇలాగే ఉన్నట్టుండి చంపుతుంది గనక, కాపరి అదే అనుకుంటాడు. పోయినదాంట్లో కాస్తయినా రాబట్టుకోవాలని కోసి పోగులు వేస్తారు. కొన్నాళ్లకు కోసినవాడి చేతిమీద దురద పొక్కు లేస్తుంది, అది నొప్పి లేని నల్లటి పుండుగా మారుతుంది. వెంటనే అధికారులు ‘అవగాహన లేకపోవడం’ అనేస్తారు, ఒక సదస్సు పెట్టి వెళ్లిపోతారు. గొర్రె ఖరీదు మాట మాత్రం ఎవరూ ఎత్తరు.

కత్తి పెట్టించేది ఆకలి ఒక్కటే కాదు, కాగితం కూడా. బీమా క్లెయిముకు సాధారణంగా పోస్టుమార్టం రిపోర్టు అడుగుతారు. కానీ దొమ్మ అనుమానం ఉంటే కళేబరాన్ని కోయకూడదన్నది పశువైద్యంలో మొదటి పాఠం. చెవి సిర నుంచి ఒక చుక్క నెత్తురు గాజుపలక మీద తీస్తే పరీక్షకు సరిపోతుంది. ఆ పలకనే రుజువుగా తీసుకుని వారంలో డబ్బు చేతికిస్తే, కత్తి చూరులోనే ఉండిపోయేది. రోగం అనుమానం వస్తే సమాచారం ఇవ్వడం యజమాని బాధ్యత అని 2009 నాటి పశువుల అంటువ్యాధుల చట్టం చెబుతోంది. చెప్పినందుకు కాపరికి మిగిలేది ఖాళీ దొడ్డే అయితే చట్టం ఎవరికి గుర్తుంటుంది?

టీకా పాతదే, చవకే. రోగం వచ్చిన ఊళ్లలో ఏటా, వానలకు ముందే వేయాలి. కొన్నేళ్లు కేసులు లేవని మానేస్తే ఏమవుతుందో సైబీరియాలోని యమాల్‌లో తేలింది. అక్కడ 2007లో రెయిన్‌డీర్లకు టీకాలు ఆపేశారు. 2016 వేసవిలో రెండు వేలకు పైగా చచ్చాయి, పన్నెండేళ్ల పిల్లవాడు కూడా పోయాడు.

కళేబరాన్ని లోతుగా పూడ్చడమో పూర్తిగా కాల్చడమో చేయాలి. దానితోపాటు నెత్తురు ఇంకిన మట్టిని, కింద పరిచిన గడ్డిని, ఈడ్చుకొచ్చిన తాడును కూడా.