సూది మీద మోపిన నింద

"బిళ్లల మీద ఉన్నంతవరకు ఫర్వాలేదు, ఇన్సులిన్‌కి వచ్చిందంటే ఇక అయిపోయినట్టే." షుగర్ ఉన్న ఏ ఇంటికి వెళ్లినా ఈ మాట వినపడుతుంది. పెళ్లి భోజనాల దగ్గర, ఆస్పత్రి వరండాలో, పొద్దున్నే నడకకు వచ్చిన రిటైర్డ్ ఉద్యోగుల మధ్య ఇదే మాట. దీనికి తోడు ఇంకో రెండు ఉన్నాయి. ఒకసారి సూది మొదలుపెడితే చచ్చేదాకా మానలేమట. షుగర్ మందులు కిడ్నీలను తినేస్తాయట. ఎమ్మే చదివినవాళ్లూ, అసలు బడికే వెళ్లనివాళ్లూ ఈ విషయంలో ఒకే పాట పాడతారు. ఈ మూడు మాటలూ తప్పు. నలుగురు కూర్చుని చెప్పుకుని మరిచిపోయే తప్పయితే ఇంత ఆవేశపడి రాయనక్కర్లేదు. వీటిని నమ్మి మందు వాయిదా వేసుకున్నవాళ్ల కాళ్లు తీసేస్తున్నారు, చూపు పోతోంది, డయాలసిస్ మంచాలు నిండుతున్నాయి.

వాయిదా ఎలా పడుతుందో ఒక మెడికల్ షాపు దగ్గర కళ్లారా చూశాను. ముప్పై ఏళ్ల కుర్రాడు తండ్రి చీటీ కౌంటరు మీద పెట్టాడు. "అన్నా, బిళ్లలన్నీ ఇచ్చెయ్. కింద రాసిన ఇన్సులిన్ మాత్రం వద్దు." "డాక్టరుగారు రాశారు కదా తమ్ముడూ?" "రాస్తార్లే అన్నా. నాన్నకి అప్పుడే సూదులేంటి? చక్కగా పొలం వెళ్లొస్తున్నాడు." చీటీ పైభాగాన మూడు నెలల షుగర్ పరీక్ష అంకె ఉంది: 11.2. అంటే ఆ పెద్దాయన రక్తంలో చక్కెర రాత్రనక పగలనక సగటున 275 దగ్గర ఉందన్నమాట. నొప్పి లేదు, జ్వరం లేదు, మనిషి తిరుగుతున్నాడు. కొడుకుకి తండ్రి మీద ప్రేమ లేక ఇన్సులిన్ వద్దనలేదు. ప్రేమ ఉండబట్టే, ఆయన్ని "ఆఖరి దశ"లోకి నెట్టకూడదనుకున్నాడు. ఆ ప్రేమను తప్పుదారి పట్టించిన నమ్మకంతోనే నా పోట్లాట.

ఇన్సులిన్ ఎందుకు అవసరమవుతుందో ముందు చూద్దాం. క్లోమంలోని బీటా కణాలు ఇన్సులిన్ తయారుచేస్తాయి. టైప్ 2 షుగర్‌లో అవి ఏళ్ల తరబడి అదనపు చాకిరీ చేసి క్రమంగా డస్సిపోతాయి. బ్రిటన్‌లో 1977లో మొదలై 1998లో ఫలితాలు వెలువరించిన యూకేపీడీఎస్ అనే అధ్యయనం, కొత్తగా షుగర్ బయటపడిన 5,102 మందిని ఏళ్లపాటు గమనించింది. జబ్బు బయటపడిన రోజుకే బీటా కణాల సత్తువ దాదాపు సగం పోయి ఉందని, ఆ తర్వాత ఏడాదికేడాది ఇంకా తగ్గుతూ వచ్చిందని అందులో తేలింది. అంటే పదేళ్లో పదిహేనేళ్లో గడిచాక చాలామందికి బయటినుంచి ఇన్సులిన్ కావాల్సి రావడం ఈ జబ్బు సహజంగా నడిచే దారి. రోగి తప్పు చేశాడనో, స్వీట్లు దొంగచాటుగా తిన్నాడనో దానర్థం కాదు. అదే అధ్యయనంలో ఇంకో సంగతి ఉంది. మొదట్లోనే షుగర్‌ను గట్టిగా అదుపు చేసుకున్నవాళ్లకు, తర్వాత అంకెలు అందరితో సమానమైపోయినా, పదేళ్ల తర్వాత కూడా గుండెపోట్లు, మరణాలు తక్కువగా ఉన్నాయి. ఆ సంగతి 2008లో ప్రచురించారు. ముందుగా పడిన మందు అంతకాలం కాపు కాసింది.

మరి "మా పెదనాన్నకి ఇన్సులిన్ మొదలుపెట్టారు, ఏడాదిలో కిడ్నీలు పోయాయి" అనే కథ సంగతేమిటి? ఇలాంటి కథ లేని కుటుంబం ఉండదు. జరిగినది నిజమే, కానీ ఏది ముందో ఏది వెనకో తారుమారు చేసి చెబుతున్నారు. షుగర్ వల్ల కిడ్నీ చెడిపోవడానికి ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లన్నీ పెదనాన్న అంకెలు 250, 300 మధ్య తిరిగాయి. కాలి పుండు మానక ఆస్పత్రిలో చేరినప్పుడో, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరిగి కొన్ని బిళ్లలు ఇవ్వడానికి వీల్లేనప్పుడో ఇన్సులిన్ మొదలుపెట్టారు. అప్పటికే కిడ్నీలు సగానికి పైగా దెబ్బతిన్నాయి. ఇల్లు సగం కాలాక వచ్చిన ఫైరింజన్‌ను చూసి, నిప్పు పెట్టింది ఇదేనన్నట్టుంది మన తీర్పు. ఆ తీర్పు విన్న పెదనాన్న తమ్ముడు తన ఇన్సులిన్‌ను ఇంకో ఐదేళ్లు వెనక్కి నెడతాడు. ఐదేళ్లకు ఆయన కిడ్నీలూ పోతాయి. నమ్మకానికి ఇంకో సాక్ష్యం దొరుకుతుంది.

కిడ్నీల విషయంలో ఎక్కువ నింద మోస్తున్నది మెట్‌ఫార్మిన్. ఐరోపాలో గెలీగా అనే మొక్కను పూర్వం అతిమూత్రానికి వాడేవారు. ఆ మొక్కలోని పదార్థం ఆధారంగా పుట్టిన రసాయనాన్ని ఫ్రాన్సులో జాన్ స్టెర్న్ అనే వైద్యుడు 1957లో షుగర్ మందుగా నిలబెట్టాడు. మూలికలంటే మక్కువ ఉన్నవాళ్లు ఈ బిళ్ల పుట్టుక తెలుసుకుంటే బాగుంటుంది. మెట్‌ఫార్మిన్ కిడ్నీని పాడుచేయదు. ఒంట్లో అది మార్పు చెందకుండా కిడ్నీల ద్వారానే బయటికి పోతుంది. కిడ్నీ పని మందగిస్తే మందు ఒంట్లో పేరుకుంటుంది కాబట్టి, కిడ్నీ వడపోత రేటు 45 కిందికి వస్తే మోతాదు తగ్గిస్తారు, 30 కిందికి పోతే ఆపేస్తారు. ఇంట్లోవాళ్లకు కనిపించేది చివరి ముక్క ఒక్కటే: "కిడ్నీ డాక్టరు ఆ బిళ్ల ఆపమన్నాడు." అంతే, నేరం ఖాయమైపోతుంది. ఇక్కడా ముందువెనకలే తలకిందులయ్యాయి.

ఈమధ్య కాలంలో వచ్చిన కొన్ని షుగర్ బిళ్లలు కిడ్నీలను నేరుగా కాపాడుతున్నాయి. కానాగ్లిఫ్లోజిన్ మీద 2019లో, డాపాగ్లిఫ్లోజిన్ మీద 2020లో వచ్చిన పెద్ద అధ్యయనాల్లో కిడ్నీ జబ్బు ముదరడం స్పష్టంగా తగ్గింది. డాపాగ్లిఫ్లోజిన్‌ను మన దేశంలో ఇప్పుడు చాలా కంపెనీలు తయారుచేస్తున్నాయి. "కిడ్నీలకు మంచిది కాదు" అని భయపడి షుగర్ మందులన్నీ మానేసేవాడు, కిడ్నీకి కాపలా కాసే మందును కూడా వాటితోపాటే అవతల పారేస్తున్నాడు. అదే మనిషి మోకాళ్ల నొప్పులకు చీటీ లేకుండా డైక్లోఫెనాక్ కొని నెలల తరబడి మింగుతాడు. కిడ్నీకి నిజంగా చేటు చేసే మందు అది. దాని గురించి ఏ బంధువూ హెచ్చరించడు.

"ఒకసారి మొదలుపెడితే మానలేం" అనేవాళ్లు తమ ఇంటి ఆడపిల్లల్ని చూస్తే చాలు. గర్భంతో ఉన్నప్పుడు షుగర్ వచ్చినవాళ్లకు ఇన్సులిన్ ఇస్తారు, కాన్పు కాగానే చాలామందికి ఆపేస్తారు. ఆపరేషన్ ముందు ఇస్తారు, గాయం మానాక ఆపేస్తారు. కొవిడ్ రెండో ఉప్పెనలో స్టెరాయిడ్ల వల్ల షుగర్ ఎగబాకినవాళ్లకు ఇచ్చారు, స్టెరాయిడ్లు మానాక ఎందరికో ఆపారు. చైనాలో కొత్తగా టైప్ 2 షుగర్ బయటపడిన 382 మంది మీద ఒక అధ్యయనం చేసి 2008లో లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. కొందరికి మొదట్లోనే కొద్ది వారాలు ఇన్సులిన్, మిగతావారికి బిళ్లలు ఇచ్చి, షుగర్ దారికొచ్చాక అన్నీ మాన్పించారు. ఏడాది తర్వాత చూస్తే, ఇన్సులిన్ తీసుకున్నవాళ్లలో సుమారు సగం మందికి ఏ మందూ లేకుండానే అదుపులో ఉంది. బిళ్లలు వాడినవాళ్లలో అది 27 శాతమే. అలసిన బీటా కణాలకు ఇన్సులిన్ విశ్రాంతినిచ్చింది. మానలేని మందు అని మనం పేరు పెట్టిన మందే, ఎక్కువమంది మందులు మానగలిగేలా చేసింది.

జీవితాంతం కావాల్సినవాళ్లు ఉన్నారు, టైప్ 1 పిల్లలు. వాళ్ల ఒంట్లో ఇన్సులిన్ తయారు కాదు. వాళ్లకు ఈ మందు లేని కాలం ఎలా ఉండేదో తెలిస్తే "ఆఖరి దశ" అనే మాట నోట రాదు. అమెరికా విదేశాంగ మంత్రి కూతురు ఎలిజబెత్ హ్యూస్‌కి 11 ఏళ్ల వయసులో, 1919లో, షుగర్ బయటపడింది. అప్పటికి తెలిసిన వైద్యం ఒక్కటే: కడుపు మాడ్చడం. మూడేళ్ల ఉపవాసాలతో, 1922 ఆగస్టులో టొరంటో చేరేసరికి ఆ పిల్ల బరువు 20 కిలోలు. అంతకు కొన్ని నెలల ముందే, ఆ జనవరిలో, లెనర్డ్ థామ్సన్ అనే 14 ఏళ్ల కుర్రాడికి అదే నగరంలో మొదటి ఇన్సులిన్ సూది పడింది. మొదటిది శుద్ధి చాలక పనిచేయలేదు. కాలిప్ అనే రసాయన శాస్త్రవేత్త దాన్ని శుద్ధి చేశాక, రోజుల వ్యవధిలో ఇచ్చిన రెండోది పనిచేసింది. ఎలిజబెత్‌ని ఇన్సులిన్ కనిపెట్టినవాళ్లలో ఒకడైన బాంటింగ్ వైద్యానికి చేర్చుకున్నాడు. ఆమె చదువుకుంది, పెళ్లి చేసుకుంది, ముగ్గురు బిడ్డల తల్లయింది, 73 ఏళ్లు బతికి 1981లో పోయింది. ఈ మందు కనిపెట్టినవాళ్లు పేటెంటును టొరంటో విశ్వవిద్యాలయానికి తలా ఒక డాలరుకు రాసిచ్చేశారు. అందరికీ అందాలని.

నూరేళ్లు దాటాక మన ఊళ్లలో టైప్ 1 ఉన్న ఆడపిల్ల సంబంధాలు చెడతాయన్న భయంతో స్నానాలగదిలో తలుపేసుకుని సూది వేసుకుంటోంది. పసరు తాగిస్తే తగ్గుతుందన్న మాట విని ఇన్సులిన్ ఆపేస్తే ఆ పిల్లకు వాంతులు, ఆయాసం, ఆపైన స్పృహ తప్పడం రోజుల్లోనే వస్తాయి. పసరు అమ్మినవాడు ఆ పూట ఆస్పత్రిలో ఉండడు. మూలికల మందు పేరుతో అమ్మిన పొడుల్లో గ్లిబెన్‌క్లమైడ్, మెట్‌ఫార్మిన్ కలిపి ఉన్నట్టు పలు దేశాల ఔషధ నియంత్రణ సంస్థలు పట్టుకున్నాయి. మందు వద్దని పారిపోయినవాడు అదే మందును, మోతాదు తెలియకుండా మింగుతున్నాడు.

తిండి మార్చి షుగర్ తగ్గించుకున్నవాళ్లు ఉన్నారు. వాళ్ల పట్టుదల మెచ్చుకోదగ్గది. బ్రిటన్‌లో జరిగిన డైరెక్ట్ అనే అధ్యయనంలో, బరువు తగ్గడానికి కఠినమైన తక్కువ కేలరీల తిండి మీద పెట్టినవాళ్లలో 46 శాతం మంది ఏడాదికి మందుల్లేకుండా ఉండగలిగారు. రెండేళ్లకు అది 36 శాతమైంది. కానీ ఆ అధ్యయనంలో చేర్చుకున్నది షుగర్ వచ్చి ఆరేళ్లు దాటనివాళ్లను, ఇన్సులిన్ వాడనివాళ్లను. ఆ ఫలితాన్ని ఇరవై ఏళ్ల షుగర్ ఉన్న మేనత్తకు అంటగట్టి "నువ్వూ మానెయ్ అత్తా" అనడం ప్రమాదం. కొబ్బరినూనె తాగే డైటు మన జిల్లాలను ఊపేసిన రోజుల్లో ఎందరో ఒక్క పూటలో మందులన్నీ మానేశారు. ఇంకోవైపు, డాపాగ్లిఫ్లోజిన్ లాంటి బిళ్ల వేసుకుంటూ డాక్టరుకు చెప్పకుండా అన్నం పూర్తిగా మానేస్తే, షుగర్ అంకె పెద్దగా పెరగకుండానే రక్తం ఆమ్లమయ్యే ప్రమాదం ఉంది. మీటరు చూసి ధైర్యంగా ఉంటారు, లోపల ప్రాణం మీదికి వస్తుంది.

ఇన్సులిన్ భయాలన్నీ ఉత్తవి అని నేననను. లో షుగర్ నిజం, ఒంటరిగా ఉండే ముసలివాళ్లకు మరీ నిజం. గ్లిమెపిరైడ్ బిళ్లతోనూ అది వస్తుంది. బరువు కొంత పెరగడం నిజం. స్ట్రిప్పుల ఖర్చు నిజం. అయితే వీటిలో చాలా భాగం నేర్పితే పోయే కష్టాలు, నేర్పేవాళ్లే లేరు. రోజూ బొడ్డు పక్కన ఒకే చోట పొడుచుకుని నిమ్మకాయంత గడ్డ కట్టించుకున్నవాళ్లను చూశాను. ఆ గడ్డలో వేసిన మందు ఒకరోజు సరిగా ఎక్కదు, ఒకరోజు ఒక్కసారిగా ఎక్కుతుంది. చోటు మార్చమని ఎవరూ చెప్పలేదు. మన దగ్గర సీసాల్లో ఎక్కువగా దొరికేది మిల్లీలీటరుకు 40 యూనిట్ల మందు, పెన్నుల్లో వచ్చేది 100 యూనిట్లది. ఎర్ర మూత సిరంజి 40కి, నారింజ మూతది 100కి. 100 మందును ఎర్ర మూత సిరంజిలో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి పోయేది 50 యూనిట్లు. ఈ తేడా చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. ఫ్రిజ్ లేని ఇంట్లో, రెంటచింతల ఎండల్లో కూడా, తడి ఇసుకలో పెట్టిన మట్టికుండలో సీసా దాచుకోవచ్చని చెప్పడానికి ఇంకో నిమిషం.

ఈ నమ్మకం పాతుకుపోవడంలో డాక్టర్ల పాత్ర కూడా ఉంది. "మాట వినకపోతే ఇన్సులిన్ పెట్టాల్సొస్తుంది, జాగ్రత్త!" ఓపీలో ఈ బెదిరింపు వినని షుగర్ పేషెంటు లేడు. పదేళ్లు శిక్షగా చూపించిన వస్తువును పదకొండో ఏట మందుగా తీసుకోమంటే ఎవరు తీసుకుంటారు? 2023లో వచ్చిన ఐసీఎంఆర్ అధ్యయనం లెక్కన దేశంలో 10 కోట్లకు పైగా మందికి షుగర్ ఉంది. వాళ్లలో ప్రతి ఒక్కరికీ మొదటి చీటీ రాసిన రోజే డాక్టరు చెప్పాల్సిన మాట ఉంది: ఇది మెల్లగా మారుతూ పోయే జబ్బు, మందులూ దానితోపాటే మారతాయి, ఏదో ఒక రోజు ఇన్సులిన్ కావాల్సి రావచ్చు, వస్తే అందులో మీ తప్పేం లేదు. ఆ ముక్క చెప్పి, ఏడాదికోసారి మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష రాయాలి. కిడ్నీ దెబ్బతినడం మొదలైన సంగతి, క్రియాటినిన్ పెరగడానికి ఏళ్ల ముందే అది పట్టిస్తుంది. రాయకపోతే మీరే అడగండి. సూది మొదలుపెట్టడానికి ముందే కిడ్నీల పరిస్థితి కాగితం మీద ఉంటే, తర్వాత సూదిని తిట్టుకునే పని ఉండదు.