చేని తెగులు, ఒంటి తెగులు

బోధను ప్రాంతమున చెరకు వేసిన రైతు గడను చీల్చి చూచి, లోపల ఎఱ్ఱని చారలును, వాని నడుమ తెల్లని అడ్డుపట్టెలును కనబడినచో వెంటనే మాకు కబురు పంపును. ఎఱ్ఱకుళ్లును ఎవరును దాచుకొనరు. "మా తోటకు తెగులు తగిలినది, వచ్చి చూడుడు" అని నలుగురిలో చెప్పుదురు. ప్రక్క చేనివాడు విని జాగ్రత్తపడును. అట్టి రైతే తన భుజముమీద పాలిపోయిన మచ్చ రెండేండ్లుగా నున్నను చొక్కా క్రింద దాచుకొనును. చేనికి వచ్చినది దురదృష్టము, ఒంటికి వచ్చినది పాపఫలము అని మనవారి లెక్క. ఆ లెక్క తప్పని మా అభిప్రాయము.

మేము చెప్పుచున్నది కుష్ఠువ్యాధిని గూర్చి. దాని పేరు పలుకుటకు సైతము జంకి మన పల్లెలలో "పెద్దరోగము" అందురు. పేరే పలుకని రోగమునకు మందడుగుట యెట్లు?

నిజామాబాదు జిల్లావారికి ఈ విషయము క్రొత్త గాదు. స్కాట్లండు దేశస్థురాలైన డాక్టరు ఇసబెల్ కెర్ 1907 లో మన దేశమునకు వచ్చి, భర్తతో కలిసి ఇక్కడ ఈ రోగులకు చికిత్స మొదలుపెట్టినది. నర్సాగౌడు గారు ధనమిచ్చిరి. 1915 లో డిచ్‌పల్లి ఆసుపత్రి వెలసినది. ధనమిచ్చినవారు ఒక మతమువారు, వైద్యము చేసినవారు వేరొక మతమువారు; రోగిని ముట్టుకొనుటలో వారికి భేదము తోచలేదు. ఆ దినములలో మందు నూనె సూదులే గతి. అవి నెలల తరబడి బాధతో పొడిపించుకొనవలసినవి. 1932 లో ఆమె మరణించు నాటికి ఇప్పటి మాత్రలు లేనే లేవు. అట్టి కాలమందు రోగి భయపడినాడన్న అర్థము కలదు.

నేడు ఆ భయమునకు ఆధారము లేదు. ఇది పూర్వజన్మ కర్మము గాదు, సూక్ష్మజీవి వలన వచ్చునని నార్వే దేశపు వైద్యుడు హాన్సెన్ 1873 లోనే కనుగొనెను. 1981 లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పలు మందులు కలిపి యిచ్చు పద్ధతిని సూచించినది. తక్కువ మచ్చలున్నవారికి ఆరు నెలలు, ఎక్కువున్నవారికి పండ్రెండు నెలలు. ప్రభుత్వ వైద్యశాలలలో ఉచితము. మందు మొదలిడిన కొలది దినములకే ఇతరులకు అంటుట ఆగిపోవును. మందు పుచ్చుకొననివానితో చిరకాలము దగ్గరగా మెలగినను నూటికి తొంబదియైదుగురికి ఈ రోగము రాదు. అయినను 2023 లో మన దేశమున క్రొత్తగా బయటపడినవారు లక్షకు పైగా కలరు.

వ్రేళ్లు రోగము వలన రాలిపోవునని లోకము నమ్మును. నిజమునకు రోగము చేయునది వేరు. అది నరములను చంపును, స్పర్శ పోవును. పసుపు ఉడికించు కడాయి అంచు పట్టుకొన్నను కాలిన సంగతి తెలియదు. చెరకు ఆకు కోసినను, పాదమున ముల్లు దిగినను నొప్పి లేదు గనుక మానవుడు పని మానడు. పుండు చీమువట్టును, ఎముక చెడును, వ్రేలు పొట్టియగును. ఇదంతయు జరుగుటకు ఏండ్లు పట్టును. ఆ యేండ్లన్నియు దాచుకొనిన యేండ్లే.

దాచుకొన్నాడని రోగిని నిందించువారు పెక్కుమంది. మేము నిందింపజాలము. బయటపడినచో కూతురి సంబంధము తప్పిపోవును, కోతకు పిలుచువారుండరు, హోటలులో గ్లాసు వేరుగా పెట్టుదురు. ఇవన్నియు మనము చేయు పనులే. డిచ్‌పల్లిలో బస్సు దిగినచో ఎవరు చూతురోయని మరియొక జిల్లాకు పోవువానికి ఆ దారి చూపినది మనమే. చట్టమైనను మనకంటె ముందు కదలినది: 1898 నాటి కుష్ఠురోగుల చట్టము 2016 లో రద్దయినది, ఈ రోగము కారణముగా విడాకులు కోరు వీలు 2019 లో తొలగినది.

కొందరు పెద్దలు మాతో వాదింతురు: "ఎఱ్ఱకుళ్లు పట్టిన దుబ్బును వేళ్లతో పెరికి కాల్చుమని చెప్పునది మీరే గదా? మనిషి విషయమున వేరుమాట యేల?" ప్రశ్న మంచిదే. కుళ్లు పట్టిన దుబ్బును మాన్పు మందు మా వద్ద లేదు, అందుచేత పెరికించుచున్నాము. ఉన్నచో పెరికింతుమా?

ఇంకొక చిక్కు కలదు. ఈ మందులలో ఒకటి చర్మమును నల్లబరచును. మరియొకటి మూత్రమును ఎఱ్ఱగా జేయును. ముఖము నల్లబడగనే ఇరుగుపొరుగు గుసగుసలాడుదురు, రోగి మాత్రలు అటకమీద పారవైచును. మందు ముగిసిన కొన్ని నెలలకు ఆ నలుపు క్రమముగా విరిగిపోవును. ఈ మాట రోగికంటె ముందు పొరుగువారు తెలిసికొనవలెను.

మచ్చ తెల్లగా గాని ఎఱ్ఱగా గాని యుండి, దూదితో తాకినను తెలియనిచో చూపించుకొనవలసినదే. వీపుమీది మచ్చ ఎవరికిని తమంతట కనబడదు. కావున వచ్చు మహాజనసభలో ఎరువుల లెక్కలు ముగిసిన పిదప ఆశా కార్యకర్తను పిలిపించి అరగంట కేటాయింపుడని సంఘమును కోరుచున్నాము. మొదట చొక్కా విప్పవలసినవారు పాలకవర్గ సభ్యులు. వారి ప్రక్కన మేమును కూర్చుందుము. మచ్చ బయటపడిన సభ్యుని వాటాధనమునకు గాని, అప్పునకు గాని, పాలు పోయు వంతునకు గాని భంగము రాదని అదే సభలో తీర్మానము వ్రాయింపవలెను.