పల్లి చేనులో పాలపుంత

డీఎస్ఎల్ఆర్ కొన్న కొత్తలో అందరూ చేసే పనే నేనూ చేశాను. హైదరాబాద్‌లో మేడ మీదికెక్కి, కెమెరాను ఆకాశం వైపు తిప్పి, ఆటో మోడ్‌లో క్లిక్ కొట్టాను. ఏమొచ్చిందో మీరు ఊహించగలరు. నారింజ రంగు పొగలాంటి ఆకాశం, అందులో మూడు చుక్కలు. వాటిలో ఒకటి విమానం!

తప్పు కెమెరాది కాదని తెలియడానికి బల్మూర్ దాకా పోవాల్సి వచ్చింది.

బల్మూర్ మా ఫ్రెండ్ వాళ్ల ఊరు. నాగర్‌కర్నూల్ జిల్లాలో, అచ్చంపేట దగ్గర, నల్లమల అంచున ఉంటుంది. ఫిబ్రవరిలో అమావాస్య చూసుకుని వెళ్లాం. పల్లికాయ పీకడానికి ఇంకొన్ని రోజులే ఉంది. అడవిపందులు పడతాయని వాళ్ల నాయిన రాత్రిళ్లు చేనుకాడే కావలి ఉంటున్నాడు. మేమూ అక్కడికే పోయాం.

నేను ట్రైపాడ్ నిలబెడుతుంటే కాక నవ్వాడు.

"చీకట్ల ఏం ఫొటో తీస్తవ్ బిడ్డా? ఏం కానరాదు గదా!"

"చుక్కలు తీస్త కాకా."

"చుక్కలా? గవి యాడికి పోతయ్? రోజూ ఉండేటియే గదా."

కానీ రోజూ ఉండేవే నాకు కొత్త. తల ఎత్తితే నడినెత్తి దగ్గర ఓరియన్, దానికి పడమరగా గుంపుగా చిన్న చుక్కలు. "అది పిల్లలకోడి" అన్నాడు కాక. మనం ఇంగ్లిష్ యాప్‌లో ప్లియడీస్ అని చదివేది అదే. తల్లికోడి చుట్టూ పిల్లలు! పేరు వింటేనే బొమ్మ కనబడుతుంది కదా.

సరే, మొదటి ఫొటో కొట్టాను. మొత్తం మసక. చీకట్లో ఆటోఫోకస్‌కు పట్టు దొరకదు, లెన్స్ అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది. అందుకే మాన్యువల్ ఫోకస్ పెట్టాలి. లైవ్ వ్యూ ఆన్ చేసి, బాగా మెరిసే ఒక చుక్కను స్క్రీన్ మీద జూమ్ చేసి, అది సూదిమొన అంత అయ్యేదాకా రింగు నెమ్మదిగా తిప్పాలి. అయ్యాక ఇంక దాన్ని ముట్టుకోవద్దు.

రెండో తప్పు, 30 సెకన్లు పెట్టడం. చుక్కలన్నీ చిన్న గీతల్లా సాగాయి. చుక్కలు కదల్లేదు, మనమే కదిలాం. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది. దీనికి ఫొటోగ్రాఫర్లు వాడే లెక్క ఒకటుంది. కిట్ లెన్స్‌ను 18 మిల్లీమీటర్ల దగ్గర పెట్టారనుకోండి. చిన్న సెన్సర్ కెమెరా కాబట్టి 18ని 1.5తో గుణిస్తే 27. 500ను 27తో భాగిస్తే 18 సెకన్ల చిల్లర. అది దాటితే గీతలే. నేను 15 దగ్గర ఆగాను. అపర్చర్ 3.5, ఐఎస్ఓ 3200, ఫైల్ రా ఫార్మాట్. చెయ్యి తగిలి కదలకుండా 2 సెకన్ల టైమర్. ట్రైపాడ్ మీద లెన్స్ స్టెబిలైజేషన్ ఆఫ్. ఇంతే. దీనికి లక్ష రూపాయల లెన్స్ అక్కర్లేదు, పాత సెకండ్‌హ్యాండ్ కెమెరా చాలు.

ఈసారి చుక్కలు చుక్కల్లాగే పడ్డాయి. కానీ ఫొటోలో ఒక పక్కంతా తెల్లగా పేలిపోయింది. చూస్తే బోరు స్టార్టర్ డబ్బా దగ్గర గుంజకు కట్టిన ఎల్ఈడీ బల్బు.

"కాకా, ఒక్క అరగంట లైటు బంద్ చేయరాదా?"

కాక ముఖంలో నవ్వు పోయింది. "బంద్ చేస్తే పందులస్తయ్. పామున్నా కానరాదు. నీ ఫొటో కోసం నా పంట బోగొట్టుకోమంటవా బిడ్డా?"

నా దగ్గర జవాబు లేదు. ఆయన అన్నది నిజం. ఆ లైటు ఆయనకు సోకు కాదు, కావలి.

హైదరాబాద్‌కు కూడా ఒకప్పుడు ఆకాశం ఉండేది. 1901లో నవాబ్ జఫర్ జంగ్ మొదలుపెట్టిన నిజామియా అబ్జర్వేటరీ తర్వాత బేగంపేటలో పనిచేసింది. మొత్తం ఆకాశాన్ని ఫొటోలు తీసి మ్యాప్ గీయాలని 1887లో పారిస్‌లో తలపెట్టిన అంతర్జాతీయ ప్రాజెక్టులో మన నగరానికీ వాటా దక్కింది. 1914 నుంచి గాజు పలకల మీద ఫొటోలు తీసి, ఒక్కో చుక్క స్థానం కొలిచి రాశారు. అలా దాదాపు 8 లక్షల నక్షత్రాలు! ఇవాళ అదే బేగంపేటలో నిలబడి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ తర్వాత ఉస్మానియా వర్సిటీ చీకటి వెతుక్కుంటూ ఇబ్రహీంపట్నం దగ్గర జాపాల-రంగాపూర్‌లో 48 అంగుళాల టెలిస్కోప్ పెట్టింది. నగరం వెలుగు అటు కూడా నడిచింది. ఇలా ఎంత దూరమని పరిగెడతాం?

ఆలోచిస్తుంటే మా ఫ్రెండ్ ఖాళీ నూనె డబ్బా ఒకటి పట్టుకొచ్చాడు. కరెంటు కట్ చేసి, డబ్బాను కత్తిరించి, బల్బు మీద టోపీలా బిగించాడు. మళ్లీ స్విచ్ వేస్తే వెలుగంతా కిందికే పడింది. పైకి, పక్కలకు పోయేది ఆగిపోయింది. ఆ రేకు తగిలి తిరిగొచ్చిన వెలుగుతో నేల ముందుకన్నా బాగానే కనిపిస్తోంది. కాక గట్టు దాకా నడిచి చూసి వచ్చాడు. "మంచిగనే ఉన్నది" అన్నాడు.

చూశారా, గొడవ లైటుతో కాదు, లైటు చూసే దిక్కుతో. ఆకాశానికి పోయే వెలుగు పందినీ ఆపదు, పామునూ చూపించదు. ఉత్త దండగ.

తెల్లవారుజామున నాలుగున్నరకు ఫ్రెండ్ లేపాడు. ఆగ్నేయంలో, నల్లమల గుట్టల మీద, పాలపుంత మధ్యభాగం లేస్తోంది. బల్మూర్‌కు ఇదే వరం. ఆ దిక్కున ఊర్ల లైట్లు తక్కువ, అడవే ఎక్కువ. పైగా మనం భూమధ్యరేఖకు దగ్గర. ఇక్కడ ధ్రువ నక్షత్రం ఉత్తరాన 16 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది, అంటే చెయ్యి చాచితే పిడికిలిన్నర. దక్షిణం వైపు ఆకాశం మాత్రం మనకు బాగా తెరుచుకుంటుంది. పాలపుంత మధ్యభాగం ఇక్కడ 45 డిగ్రీల దాకా ఎక్కుతుంది. లండన్ వాళ్లకు 10 డిగ్రీలు కూడా కష్టమే!

15 సెకన్లు. క్లిక్. స్క్రీన్ మీద గుట్టల నల్లటి గీత, దాని మీద పాలు ఒలికినట్టు వెలుగు. కాక కంబళి కప్పుకుని వంగి చూశాడు.

"మా నాయిన చుక్క జూసి లేసి మోట గట్టేటోడు. గీ గీతను నేను జూడక ఎన్నేండ్లాయెనో."

కాసేపు ఆగి, "నా సెల్లుకు పంపు" అన్నాడు.

మీరూ వెళ్తారా? మార్చి, ఏప్రిల్, మే నెలలు మంచివి. మేలో అయితే రాత్రి రెండింటికే పాలపుంత నడుమ ఎత్తుకొస్తుంది. వానాకాలం మబ్బులతో పని కాదు. క్యాలెండర్‌లో అమావాస్య చూసుకోండి. చీకటికి కళ్లు అలవాటుపడేందుకు ఇరవై నిమిషాలు ఫోన్ చూడకండి. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. పక్కనే అమ్రాబాద్ పులుల అభయారణ్యం ఉంది. ఫొటో కోసం రాత్రి అడవిలోకి దూరొద్దు, చట్టమూ ఒప్పుకోదు, పులీ ఒప్పుకోదు. తెలిసినవాళ్ల చేను, వాళ్ల అనుమతి, తోడుగా ఒక మనిషి ఉంటే చాలు.

మొన్న ఫ్రెండ్‌కు ఫోన్ చేశాను. పల్లికాయ పీకడం అయిపోయిందట. బల్బుకు నూనె డబ్బా మాత్రం అట్లనే ఉందట. పక్క చేను ఆయన వచ్చి, నాకూ ఒకటి కట్టిపెట్టమని అడిగి పోయాడట.