ఇంజిను లేదు... పందెం ఉంది!

ఇంజిను ఉండదు. చుక్క పెట్రోలు పోయరు. అయినా పదుల కిలోమీటర్లు చుట్టి బయల్దేరిన చోటికే రావాలి. దారిలో గాలి మొండికేస్తే పక్కనున్న పొలమే విమానాశ్రయం! బ్రిటన్‌లో గ్లైడర్ క్లబ్బులు వేసవి వారాంతాల్లో సరదాగా పెట్టుకునే పోటీల తీరిది. ఇక్కడ ఛాంపియన్లకు ఎంత విలువో, కొత్తగా రెక్కలొచ్చినవాళ్లకూ అంతే విలువ.

ఎండాకాలం మిట్టమధ్యాహ్నం డాబా మీద నిలబడి పైకి చూడండి. ఏ గద్దో రెక్క ఆడించకుండా గుండ్రంగా తిరుగుతూ పైపైకి పోతుంటుంది. దాని బలమంతా రెక్కల్లో లేదు, గాలిలో ఉంది. ఎండకు కాగిన నేల తన మీది గాలిని వేడెక్కిస్తుంది. తేలికైన ఆ గాలి పైకి లేస్తుంది. దాన్నే థర్మల్ అంటారు. గద్ద చేసేదల్లా ఆ గాలిని వదలకుండా అందులోనే చక్కర్లు కొట్టడం.

గ్లైడర్ చేసేదీ అదే. ఓ చిన్న విమానం దాన్ని తాడుతో లాక్కెళ్లి సుమారు రెండు వేల అడుగుల ఎత్తున వదిలేస్తుంది. అక్కణ్నుంచి పైలట్‌దే భారం. మంచి గ్లైడరైతే నిశ్చలమైన గాలిలో ఒక కిలోమీటరు ఎత్తు దిగేలోపు నలభై కిలోమీటర్ల దూరం జారగలదు. ఈలోగా మరో థర్మల్ దొరికితే మళ్లీ పైకి. దొరక్కపోతే... కిందికే!

గూడు వదిలే రోజు

గ్లైడర్ నేర్చుకునేవాళ్లు మొదట్లో క్లబ్బు మైదానం చుట్టూనే తిరుగుతారు. ఏం జరిగినా తిరిగి రన్‌వే మీద వాలేంత దూరంలోనే ఉంటారు. ఈత నేర్చుకునే పిల్లాడు బావి గట్టు పట్టుకుని వేలాడినట్టన్నమాట. అలా ఎన్ని గంటలు ఎగిరినా ఎప్పుడో ఒకరోజు గట్టు వదలాల్సిందే. అంతర్జాతీయంగా ఇచ్చే సిల్వర్ బ్యాడ్జి కావాలంటే మూడు పరీక్షలు నెగ్గాలి... ఐదు గంటలు గాలిలో ఉండటం, వెయ్యి మీటర్ల ఎత్తు పుంజుకోవడం, యాభై కిలోమీటర్లు వెళ్లడం. యాభై కిలోమీటర్లంటే ఇంచుమించు హైదరాబాద్ నుంచి భువనగిరికి ఉన్నంత. కారులో అదేమంత దూరం కాదు. ఇంజిను లేకుండా ఒంటరిగా వెళ్లేవాడికి మాత్రం వెనక్కి తిరిగి చూస్తే మైదానం కనపడని ఆ క్షణం ఓ జీవితకాలం గుర్తుంటుంది.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. వాళ్ల భయం పోగొట్టడానికి బ్రిటన్ క్లబ్బులు పట్టుకున్న ఉపాయమే ఇంటర్-క్లబ్ లీగ్. ఇరుగుపొరుగు క్లబ్బులన్నీ ఒక జట్టుగా చేరతాయి. ఒక్కో వారాంతం ఒక్కో క్లబ్బు ఆతిథ్యమిస్తుంది. పోటీలో మూడు తరగతులుంటాయి. కొత్తవాళ్లకు నోవీస్, కాస్త చేయి తిరిగినవాళ్లకు ఇంటర్మీడియట్... ఇక ఆరితేరినవాళ్లకు? పండిట్! అవును, మన పండితుడే ఇంగ్లిషులోకి వెళ్లి అక్కడి ఆకాశంలో తేలాడు.

అసలు కిటుకు మార్కుల్లో ఉంది. మూడు తరగతుల్లో ఎవరు తెచ్చిన మార్కులైనా చేరేది క్లబ్బు ఖాతాలోకే. అంటే ముప్ఫై ఏళ్ల అనుభవమున్న పండిట్ గెలిచినా, పక్కన నిన్నమొన్నటి నోవీస్ లేకపోతే జట్టుకు లాభం లేదు. అందుకే పోటీ రోజు పొద్దున్నే పెద్దవాళ్లు పిల్లల చుట్టూ చేరతారు. ఏ మేఘం కింద గాలి లేస్తుందో, ఏ లోయ దాటేటప్పుడు జాగ్రత్తగా ఉండాలో మ్యాపు పరిచి చెబుతారు. పరీక్షకు వెళ్లే పిల్లాడికి ఇంటిల్లిపాదీ జాగ్రత్తలు చెప్పినట్టే!

కొత్తవాళ్లకిచ్చే మార్గం చిన్నదిగా ఉంటుంది. వెళ్లాల్సిన మలుపులను ముందే చెబుతారు. వాటిని నిజంగా చుట్టి వచ్చారో లేదో గ్లైడర్‌లోని జీపీఎస్ పరికరమే సాక్ష్యం చెబుతుంది. పాత గ్లైడర్‌తో వచ్చానే అన్న బెంగా అక్కర్లేదు. ఏ గ్లైడర్ సత్తా ఎంతో లెక్కగట్టి, దానికి తగ్గట్టు మార్కులు సవరిస్తారు. మధ్యలో దిగిపోయినా సున్నా రాదు. ఎంత దూరం వెళితే అంతకు తగ్గ మార్కులు.

పొలంలో దిగడం ఓటమి కాదు

ఈ ఆటలో ప్రమాదం పొలంలో దిగడంలో లేదు... దిగాలన్న నిర్ణయాన్ని వాయిదా వేయడంలో ఉంది. ఇంకో నిమిషం చూద్దాం, ఆ మేఘం కింద గాలి దొరుకుతుందేమో అనుకుంటూ పోతే, చివరికి మంచి పొలం చూసుకునే ఎత్తు మిగలదు. అందుకే శిక్షకులు అంకెలతో సహా నూరిపోస్తారు. సుమారు రెండు వేల అడుగులకు దిగొస్తే, దిగడానికి వీలైన ప్రాంతం వైపు మళ్లాలి. పదిహేను వందల అడుగుల దగ్గర ఒక పొలాన్ని ఎంచుకోవాలి. వెయ్యి అడుగులకల్లా ఇక వేరే ఆలోచన లేకుండా దిగే ప్రయత్నంలో ఉండాలి.

పొలం ఎంపికా ఓ విద్యే. ఏపుగా పెరిగిన పైరు పనికిరాదు, రెక్క తగిలితే గ్లైడర్ గిర్రున తిరిగిపోతుంది. పశువులు మేస్తుంటే వద్దు. ఏటవాలుగా ఉన్నదాన్ని పై నుంచి గుర్తించడం కష్టం. కరెంటు తీగలైతే దగ్గరికొచ్చేదాకా కనపడవు, స్తంభాలను చూసే పోల్చుకోవాలి. కోత అయిపోయి కొయ్యకాళ్లు మిగిలిన గోధుమ చేను దొరికితే అదృష్టమే.

అమెరికాకు చెందిన పాల్ మెక్‌క్రెడీ 1956లో ప్రపంచ గ్లైడింగ్ ఛాంపియన్ అయ్యాడు. తర్వాతి థర్మల్ ఎంత బలంగా ఉంటుందో అంచనా వేసి, దాన్నిబట్టి ఇప్పుడెంత వేగంగా వెళ్లాలో తేల్చే ఆయన లెక్కను పైలట్లు నేటికీ వాడుతున్నారు. అంచనా గొప్పగా ఉంటే దూసుకుపోవాలి, అనుమానంగా ఉంటే నెమ్మదించి ఎత్తు కాపాడుకోవాలి. పండిట్లు ఆ లెక్కతో నిమిషాలు ఆదా చేస్తారు. కొత్తవాళ్లు నేర్చుకోవాల్సిన మొదటి పాఠం మాత్రం అందులోని రెండో సగమే!

సాయంత్రమయ్యేసరికి గ్లైడర్లు ఒక్కొక్కటిగా వచ్చి వాలుతుంటాయి. ఒకటి రాదు. కాసేపటికి ఫోను మోగుతుంది... ‘పొలంలో దిగాను, క్షేమం’ అని. అంతే, స్నేహితులు పొడవాటి ట్రైలర్‌ను కారుకు తగిలించుకుని బయల్దేరతారు. రైతుకు విషయం చెప్పి, రెక్కలు ఊడదీసి, గ్లైడర్‌ను అందులో సర్దుకుని చీకటిపడ్డాక క్లబ్బుకు చేరతారు. అప్పటికి గెలిచినవాళ్ల ముచ్చట్లు అయిపోయి ఉంటాయి. బురద బూట్లతో లోపలికొచ్చిన ఆ కొత్త పైలట్‌ను పండిట్లు వేసే మొదటి ప్రశ్న ‘ఎందుకు దిగావు?’ అని కాదు.

‘ఎంత ఎత్తులో నిర్ణయం తీసుకున్నావు?’ అని.

‘పదిహేను వందల అడుగుల్లో’ అని అతను చెప్పగలిగితే... ఆ రోజు మార్కుల పట్టికలో ఎక్కడున్నా అతను నెగ్గినట్టే!