అంగడి మీద ఇల్లు కట్టండి

ప్లానింగ్, ఆర్కిటెక్చర్ చదువుతున్న తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! సివిల్ పట్టా పుచ్చుకుని కొలువు కోసం చూస్తున్న మిత్రులారా! అమరావతిలో 2025 మేలో పనులు మళ్ళీ మొదలయ్యాయి. 217 చదరపు కిలోమీటర్ల రాజధానిని ప్రణాళికలో తొమ్మిది నగరాలుగా పంచారు. పాలనకొకటి, న్యాయానికొకటి, ఆర్థికానికొకటి, చదువుకొకటి, వైద్యానికొకటి, ఇలా. పేర్లు ఘనంగానే ఉన్నాయి. మరి కచేరీలు మూసేశాక పాలనా నగరం వీధుల్లో ఎవరు తిరుగుతారు? రాత్రి తొమ్మిదింటికి డ్యూటీ దిగిన నర్సు ఏ వెలుతురులో నడిచి ఇల్లు చేరుతుంది? ఈ మాట గట్టిగా అడగవలసింది మీరే.

చండీగఢ్ వెళ్ళి చూడండి. అక్కడి నడిబొడ్డు సెక్టార్ 17లో కింద దుకాణాలు, పైన ఆఫీసులు. కాపురాలు లేవు. కొట్లు మూసేస్తే అంత పెద్ద చౌకూ బోసిపోతుంది. అదే ఊళ్ళో తొలినాళ్ళలో కట్టిన సెక్టార్ 22లో ఆర్కిటెక్ట్ జేన్ డ్రూ అంగళ్ళ మీద ఇళ్ళు పెట్టింది. అక్కడ బజారూ బతుకూ కలిసే సాగుతున్నాయి. తేడా డబ్బులో లేదు, గీతలో ఉంది. వేర్వేరు వేళల్లో వేర్వేరు పనుల మీద మనుషులు తిరిగితేనే వీధి క్షేమంగా ఉంటుందని 1961లోనే వాదించిన జేన్ జేకబ్స్, ప్లానింగ్‌లో ఏ పట్టా లేని పాత్రికేయురాలు. మీకు పట్టా కూడా ఉంది, లేదా రాబోతోంది!

తోపుడుబండ్లను మరవకండి. పట్టణ జనాభాలో 2.5 శాతం దాకా వీధి వ్యాపారులకు చోటు చూపాలని 2014 నాటి చట్టం చెబుతోంది. పట్టణ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం వాళ్ళ ప్రతినిధులే ఉండాలి. ఆ చోటు మొదటి పటంలోనే గీయాలి. ఊరంతా కట్టేశాక పూలమ్మే మనిషిని పోలీసు తరమడం నా దృష్టిలో సహించరాని అన్యాయం.

ఇక అసలు పని. అమరావతి కోసం జరిగిన భూసమీకరణలో మెట్ట ఎకరానికి రైతుకు 1000 గజాల ఇంటి స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం. నీటి వసతి ఉన్న జరీబు భూమి అయితే 1000, 450. ఇల్లొక చోట, అంగడి మరొక చోట. ఈ విభజనను మీ తరం చెరపాలి. తుళ్ళూరు, మందడం, నేలపాడు వెళ్ళండి. రైతు పక్కన కూర్చోండి. ఆ 250 గజాల్లో కింద కొట్టు, పైన రెండు కాపురాలు ఎలా ఇముడుతాయో, అద్దె ఎంత వస్తుందో గీసి, లెక్కగట్టి చూపించండి. ఏ నిబంధనైనా అడ్డొస్తే దాన్ని సవరించాలని రైతుతో కలిసి సంతకాలు పెట్టి, రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ (సీఆర్‌డీఏ) కార్యాలయంలో అర్జీ ఇవ్వండి. రసీదు తీసుకోండి. నెల తిరిగాక మళ్ళీ వెళ్ళి అడగండి.