పదడుగుల గదికి వెయ్యి వాట్లెందుకండీ?

మన ఐటీ జనాలకి జీతం పెరగ్గానే పట్టుకునే జబ్బుల్లో హోం థియేటర్ ఒకటి. ముందు పెద్ద టీవీ వస్తుంది. దాని వెనకాలే "ఇంత టీవీకి ఈ పీలగొంతేంటి?" అనే బెంగ వస్తుంది. ఆ బెంగ న్యాయమైనదే. అంత సన్నటి టీవీలో మంచి స్పీకరు పట్టే చోటే ఉండదు, ఉన్నవి కూడా చాలావాటిలో కిందికో వెనక్కో తిరిగి ఉంటాయి. చిక్కల్లా ఆ తర్వాత షాపులో మనం అడిగే ప్రశ్నతోనే. "ఎన్ని వాట్లు?" అంటాం. షాపువాడు "వెయ్యి సార్" అంటాడు. పక్క పెట్టె మీద పన్నెండొందలని ఉంటే అది ఇంకా గొప్పదన్నమాట! ర్యామ్ ఎంత, స్టోరేజ్ ఎంత అని అడగడానికి అలవాటు పడ్డ ప్రాణాలు కదా మరి.

నా మట్టుకు నాకు, చిన్న గదికి అడగాల్సిన ప్రశ్న ఒక్కటే. మాట తేటగా వినబడుతుందా, లేదా?

ఊళ్ళోంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు గమనించండి. డైలాగు వినబడక సౌండు పెంచుతారు. ఫైటు రాగానే పక్కగదిలో పసిది ఉలిక్కిపడి లేస్తుంది. తగ్గిస్తే మళ్ళీ మాట వినబడదు. రిమోట్ చేతులు మారుతూ ఉంటుంది. ఓ అరగంటయ్యాక నాన్నగారు "మీరు చూడండ్రా, నాకు నిద్రొస్తోంది" అని లేచి వెళ్ళిపోతారు. ఆయనకి నిద్ర రాలేదు, మాట వినబడలేదు. ఈఎంఐ కట్టి మరీ కొన్న సెట్టు ఇంటి పెద్దాయన్ని సినిమాకి దూరం చేస్తే, అది ఎన్ని వాట్లైతే ఏం లాభం?

ముందు వాట్ల సంగతి తేల్చేద్దాం. స్పీకరు వివరాల్లో సెన్సిటివిటీ అని ఒక అంకె ఉంటుంది. అది 87 డెసిబెళ్ళు అనుకోండి. ఒక్క వాటు ఇస్తే మీటరు దూరంలో 87 డెసిబెళ్ళ శబ్దం వస్తుందని దానర్థం. మనం కూర్చునేది రెండు మీటర్ల దూరంలో. దూరం రెట్టింపైతే 6 తగ్గుతుంది, అంటే 81. స్పీకర్లు రెండు కాబట్టి 3 కలపండి, 84. సినిమాని మిక్స్ చేసే గదుల్లో ప్రామాణికంగా పెట్టుకునే సగటు స్థాయి 85. అంటే ఒక్కో స్పీకరుకి ఒక్కో వాటుతోనే మనం దాదాపు అక్కడికి చేరిపోయాం! పది వాట్లిస్తే 94, యాభై ఇస్తే 101. గోడల నుంచి తిరిగొచ్చే శబ్దం దీనికి అదనం.

ఇంకో ముక్క. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెళ్ళే. చెవికి "రెట్టింపైంది" అనిపించాలంటే సుమారు 10 పెరగాలి, అంటే పది రెట్లు వాట్లు కావాలి. కాబట్టి 500 వాట్ల పెట్టెకీ 1000 వాట్ల పెట్టెకీ తేడా మనం అనుకునేంత లేదు. పైగా ఆ వెయ్యి చాలాసార్లు అన్ని చానెళ్ళనీ కూడి, 10 శాతం డిస్టార్షన్ దగ్గర కొలిచి వేసిన అంకె. పీఎంపీఓ అని రాసి ఉంటే అసలు లెక్కలోకే తీసుకోకండి. ఆర్‌ఎంఎస్ ఎంత, ఎంత డిస్టార్షన్ దగ్గర, ఎన్ని చానెళ్ళు ఒకేసారి నడిపి కొలిచారు, ఈ మూడూ అడగండి. నిజాయితీగా 50 వాట్లున్న రిసీవర్ పది బై పదకొండు గదికి ధారాళంగా సరిపోతుంది.

ఇక ఆ అగ్గిపెట్టెల్లాంటి బుల్లి స్పీకర్ల సంగతి. గోడకి ముద్దుగానే ఉంటాయి, కాదనను. కానీ రెండు మూడంగుళాల కోను లోతైన శబ్దాన్ని పుట్టించలేదు. అందుకని సుమారు 150, 200 హెర్ట్జ్ కింద ఉన్నదంతా సబ్‌వూఫర్ మీద పడేస్తారు. మగవాళ్ళ గొంతులో మూలస్వరం ఉండేది 100 హెర్ట్జ్ చుట్టుపక్కలే. ఫలితం? హీరోగారు తెర మీద మాట్లాడుతుంటే ఆయన గొంతులో సగం సోఫా పక్కనున్న సబ్‌వూఫర్లోంచి వస్తుంది. మాట ముద్దగా ఉందనిపించడానికి ఇదో పెద్ద కారణం. స్పీకరు కనీసం 80 హెర్ట్జ్ దాకా తనంతట తాను దిగగలిగితే ఈ గొడవ ఉండదు. అంతకన్నా కిందికి శబ్దం ఎటునుంచి వస్తోందో మన చెవి పెద్దగా పసిగట్టలేదు. అయిదంగుళాల కోనున్న మామూలు బుక్‌షెల్ఫ్ స్పీకర్లు చాలావరకు ఈ పని చేస్తాయి.

అందుకే నా సలహా: బడ్జెట్ ఎంతైనా సరే, అందులో సగం మొదటి రెండు స్పీకర్లకే పెట్టండి. 5.1 రిసీవర్ కొనండి, కానీ రెండు స్పీకర్లతో మొదలుపెట్టండి. సెట్టింగుల్లో సెంటర్ స్పీకరు లేదని చెప్పడం మాత్రం మర్చిపోకండి. లేదని చెబితేనే డైలాగుల్ని రెండు స్పీకర్లకీ పంచుతుంది. నట్టనడుమ కూర్చునే ఇద్దరికి ఇది చాలు. సోఫా నిండా నలుగురు కూర్చునే ఇల్లైతే తర్వాత ఒక సెంటర్ కొనుక్కోండి, పక్కన కూర్చున్నవాళ్ళకి మాట తెర మీంచే వస్తుంది. ఆ తర్వాత సబ్‌వూఫర్. వెనక స్పీకర్లు అన్నిటికన్నా ఆఖర్న.

"అదేంటి, సరౌండ్ లేకుండా హోం థియేటరా?" అంటారు. చిన్న గదుల్లో మంచమో సోఫానో వెనక గోడకి ఆనించి ఉంటుంది. సరౌండ్ స్పీకర్లు ఉండాల్సింది మనకి కాస్త వెనగ్గా, పక్కలకి. ఆ చోట గోడో, తలుపో, బీరువానో ఉంటుంది. దాంతో చెవి పక్కనే తగిలిస్తాం. అప్పుడు వినబడేది వాన కాదు, చెవిలో దోమ. పైకప్పు మీదకి శబ్దం కొట్టి కిందికి దింపే అట్మాస్ స్పీకర్లకీ చదునైన కప్పు కావాలి. మెట్లుమెట్లుగా చేయించుకున్న ఫాల్స్ సీలింగూ, మధ్యలో ఫ్యానూ ఉన్న గదిలో దాని మీద డబ్బు పోయడం దండగ.

డబ్బు ఖర్చు లేని పని ఒకటుంది, ఎవరూ చెయ్యరు. గదిని పట్టించుకోవడం. నేల నున్నటి టైల్స్, గోడలు ఖాళీ, పైగా ఓ అద్దాల తలుపు. మాట పుట్టిన చోటునుంచే కాక నాలుగు వైపులనుంచీ వస్తుంది. ముందు ఒక జంపఖానా, పక్కన ఒక మందపాటి కర్టెను, వెనక పుస్తకాల అర. స్పీకరు మార్చినంత తేడా తెలుస్తుంది. ఫ్యాను 5 మీద తిరుగుతుంటే గుసగుసలు ఎలాగూ వినబడవు, దాన్ని 2కి తెండి.

బేస్ మాత్రం కర్టెన్లకి లొంగదు. శబ్దం వేగం సెకనుకి సుమారు 343 మీటర్లు. గది పొడవు 11 అడుగులు, అంటే 3.35 మీటర్లు. 343ని పొడవుకి రెట్టింపుతో భాగిస్తే 51 హెర్ట్జ్. పదడుగుల వైపు 56. పైకప్పు కూడా పదడుగులైతే ఇంకేం, అదీ 56 దగ్గరే! మూడూ ఒక్కచోట కూడి గది గుమ్మటంలా మోగుతుంది. విరుగుడు ఏంటంటే, సబ్‌వూఫర్‌ని మీరు కూర్చునే చోట పెట్టండి. ఇళయరాజా పాటల్లో బేస్ గిటార్ బాగా పలికేది ఒకటి వేసి, గోడల వెంట నేలమీద పాక్కుంటూ వినండి. ఏ మూల ప్రతి స్వరమూ సమానంగా వినబడుతుందో అక్కడికి సబ్‌వూఫర్‌ని చేర్చండి. ఇంట్లోవాళ్ళు నవ్వుతారు, నవ్వనివ్వండి.

ముందు స్పీకర్లకి ఇంకో పరీక్ష. రెండు స్పీకర్లూ, మీరూ సమాన భుజాల త్రిభుజంలో ఉండాలి, పైనున్న చిన్న కోను మీ చెవి ఎత్తుకి రావాలి. అప్పుడు ఘంటసాల గారి కాలపు మోనో రికార్డింగు ఏదైనా వెయ్యండి. గొంతు రెండు పెట్టెల్లోంచి కాక నట్టనడుమ, ఖాళీ చోట నిలబడి పాడినట్టుండాలి. అలా లేకపోతే తప్పు రికార్డింగుది కాదు, మీ అమరికది. షాపులో కూడా పేలుళ్ళ సీను వేయించుకోకండి. మీకు కంఠతా వచ్చిన పాటా, గుసగుసలుండే సీనూ వేయించుకుని తక్కువ సౌండులో వినండి. ఎక్కువ సౌండులో ఏదైనా బాగున్నట్టే ఉంటుంది.

ఏడాదికో అద్దె ఇల్లు మారేవాళ్ళు సౌండ్‌బార్ కొంటే తప్పు పట్టను. ఒక్క వైరు, ఒక్క రిమోట్, గోడకి మేకులక్కర్లేదు. మధ్యలో ప్రత్యేకంగా సెంటర్ చానెల్ ఉన్నదీ, హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ ఉన్నదీ చూసుకోండి చాలు. కానీ నాలుగేళ్ళు ఒకే ఇంట్లో ఉంటామనుకునేవాళ్ళు విడి స్పీకర్లకి వెళ్ళడమే మేలు. రిసీవర్ పాతబడుతుంది, కొత్త కొత్త ఫార్మాట్లొస్తాయి. మంచి స్పీకరు మాత్రం పదిహేనేళ్ళైనా స్పీకరుగానే ఉంటుంది.

పక్క ఫ్లాటువాళ్ళనీ మర్చిపోకండి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా పరిమితి 45 డెసిబెళ్ళు. మనం సినిమా మొదలెట్టేదే ఆ టైముకి. రిసీవర్లలో నైట్ మోడ్ అని ఒకటుంటుంది, పేలుళ్ళని అణిచి మాటని పైకి తెస్తుంది. అది వాడండి.

కొన్నాక మీ సెట్టు ఎలా ఉందో తెలుసుకోవడానికి డెసిబెల్ మీటరేమీ అక్కర్లేదు. సినిమా సగంలో ఉండగా మీ నాన్నగారు "ఏమన్నాడ్రా?" అని ఎన్నిసార్లు అడిగారో లెక్కపెట్టుకోండి. ఆ అంకె ఎంత తగ్గితే మీ హోం థియేటర్ అంత గొప్పది.