ఆ నెల మందుల ఖర్చు సగమైంది

నెల మొదటి వారంలో మా ఇంట్లో ఫోన్ మోగినన్ని సార్లు కాలింగ్ బెల్ కూడా మోగదు. జీతం పడిందని ఒక మెసేజ్. బండి ఈఎంఐ కట్ అయిందని ఇంకోటి. స్కూల్ ఫీజు గుర్తు చేస్తూ వేరొకటి. మూడో మెసేజ్ వచ్చేసరికి మొదటి మెసేజ్ ఇచ్చిన సంతోషం అయిపోతుంది. మీ ఇంట్లోనూ ఇంతే కదా?

మాది నాగారం. ఈసీఐఎల్ చౌరస్తా నుంచి కీసర వెళ్లే రోడ్డులో ఒక అపార్ట్‌మెంట్, రెండో అంతస్తు, అద్దె ఇల్లు. మా ఆయన నాచారం పారిశ్రామికవాడలో సూపర్‌వైజర్. నేను హబ్సిగూడలో ఒక చిన్న ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. మూడో తరగతి చదివే పాప, యూకేజీ బాబు, మాతోపాటు అత్తమ్మ. ఐదుగురం.

రోజంతా వేరేవాళ్ల లెక్కలు రాసే నేను మా ఇంటి లెక్క మాత్రం ఎప్పుడూ రాయలేదు. మొన్న ఫిబ్రవరిలో పాప స్కూల్ టూర్‌కి 1,500 అడిగితే ఇద్దరి ఖాతాల్లో కలిపి 380 రూపాయలు ఉన్నాయి. ఆ రోజు తేదీ 24. అప్పుడు కూర్చున్నాను.

ఇద్దరి జీతాలూ చేతికొచ్చేది 52,000. అద్దె 10,500, మెయింటెనెన్స్ 1,000, ఇద్దరి ఫీజులు నెలకి పంచితే 6,500, బండి ఈఎంఐ 3,200, కిరాణా పాలు కూరగాయలు కలిపి 13,000. గ్యాస్, కరెంటు, ఫోన్లు, నెట్, వాటర్ క్యాన్లు 3,800. పెట్రోల్ 3,000. అత్తమ్మ మందులు 1,280. మొత్తం 42,280. అంటే నెలకి 9,720 మిగలాలి. మరి ఎక్కడ?

ఫోన్లోనే ఉంది జవాబు. ఇద్దరి యూపీఐ హిస్టరీలు తెరిచి నెల మొత్తం కూడాను. 200 రూపాయల లోపు చెల్లింపులు 164. కలిపితే 9,340. చాయ్ 15, మిర్చి బజ్జీ 40, బస్సు మిస్సయిన రోజు షేర్ ఆటో, బాబు ఏడిస్తే బొమ్మ, సగం చూసి వదిలేసిన ఓటీటీ. ఒక్కటీ పెద్ద ఖర్చు కాదు. ఒక్కటీ గుర్తు కూడా లేదు. 2016లో యూపీఐ రాకముందు జేబులో వంద నోటు విప్పేటప్పుడు చెయ్యి ఒక్క క్షణం ఆగేది. ఇప్పుడు స్కాన్ చేసే చెయ్యి ఆగదు.

షీట్ మొదలైంది

మార్చి ఒకటిన గూగుల్ షీట్ తయారు చేశాను. ఖర్చు పోయిన నెల కంటే పెరిగితే గడి ఎరుపు, తగ్గితే పచ్చ. రాత్రి అన్నాలయ్యాక అందరి ముందూ చదివేదాన్ని. బయట టిఫిన్లు బంద్. ఓటీటీలు బంద్. ఇంకో పది నిమిషాలు ముందు లేచి బస్సుకే పోవడం. ఆడవాళ్లకి 2023 డిసెంబర్ 9 నుంచి ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు కదా, ఆలస్యంగా లేచే నా బద్ధకమే నెలకి ఎనిమిది వందల ఆటో ఖర్చు అని తేలింది. ఆదివారం కూరగాయలకి కుషాయిగూడ రైతు బజార్.

ఒకరోజు చదువుతూ చదువుతూ "మందులు 1,280... అబ్బా, ఇదొకటి ప్రతి నెలా" అన్నాను. అంతే. ఎవరినీ ఉద్దేశించి అనలేదు. అత్తమ్మ బాబుకి పెరుగన్నం తినిపిస్తున్నారు. తల ఎత్తలేదు.

మార్చి చివర్లో 7,800 మిగిలాయి! పెళ్లయిన తొమ్మిదేళ్లలో మొదటిసారి. షీట్ నిండా పచ్చ గళ్లు. అందులో ఒకటి మందులది: 1,280 నుంచి 640కి వచ్చింది. "అత్తమ్మా, మందులు తగ్గినయా?" అని అడిగాను. "డాక్టర్ తక్కువ రాసిండు బిడ్డా" అన్నారు. నేను ఆ గడి పక్కన నవ్వు ముఖం బొమ్మ పెట్టాను. ఏప్రిల్లోనూ 640. మళ్లీ నవ్వు ముఖం.

ఏప్రిల్ చివరి వారంలో ఒక పొద్దున, అత్తమ్మ మెట్ల దగ్గర గోడ పట్టుకుని కూర్చుండిపోయారు. కళ్లు తిరుగుతున్నాయన్నారు. ఆస్పత్రికి తీసుకెళ్తే బీపీ 180/110. డాక్టరమ్మ మందుల చీటీ చూసి, "రోజూ వేసుకుంటున్నారా?" అని అడిగారు.

అత్తమ్మ నా వైపు చూడకుండా చెప్పారు. "రోజు ఇడిసి రోజు ఏసుకుంటున్న."

ఎందుకని అడగలేదు నేను. నాకు తెలుసు. డాక్టరమ్మ మాత్రం చెప్పాల్సింది చెప్పారు. బీపీ మాత్ర మానేస్తే నొప్పి ఉండదు, తెలియదు. ఒక్కసారిగా పక్షవాతం రూపంలో తెలుస్తుంది. అదృష్టం బాగుండి మెట్ల మీద కళ్లు తిరగడంతో సరిపోయింది.

పరీక్షలు, ఫీజు, ఆటో కలిపి ఆ రోజు ఖర్చు 4,700. రెండు నెలల్లో మందుల మీద "మిగిలింది" 1,280. ఈ తీసివేత చిన్న పిల్లలు కూడా చేస్తారు. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టనిది డబ్బు గురించి కాదు. ఆ రెండు నవ్వు ముఖాల గురించి.

రెండో అబద్ధం

షీట్ డిలీట్ చేద్దామని ఫోన్ తీశాను. మా ఆయన బాల్కనీలోంచి లోపలికి వచ్చి, "ఆగు. ఇంకో గడి కూడా తప్పే" అన్నారు.

పోయిన ఏడాది చెల్లెలి సీమంతానికి క్రెడిట్ కార్డు మీద 15,000 వాడారట. నాకు చెబితే గొడవ అవుతుందని చెప్పలేదు. నెలనెలా మినిమమ్ డ్యూ 750 కడుతున్నారు. పెట్రోల్ 3,000 అని నాతో రాయించిన దాంట్లోంచే. ఇంతకాలం కట్టినా ఇంకా బాకీ ఎంత? 14,200!

ఇది కార్డు ఉన్న ప్రతివాళ్లూ ఒకసారి వేసుకోవాల్సిన లెక్క. నెలకి మూడున్నర శాతం వడ్డీ అనుకోండి. 15,000 మీద 525. దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే దాదాపు 620. మనం కట్టిన 750లో అసలుకి చేరేది 130. మినిమమ్ కట్టాం కదా అని మనకి ధీమా. అప్పు మాత్రం అక్కడే కూర్చుని ఉంటుంది.

నాకు కోపం వచ్చింది. కానీ అరవలేకపోయాను. ఒకే ఇంట్లో ఇద్దరు మనుషులు, ఒకరు మాత్రలు దాచి, ఒకరు అప్పు దాచి నా షీట్‌ని పచ్చగా ఉంచారు. నా కూడికలన్నీ కరెక్టే. వాళ్లు నాకు నిజం చెప్పగలిగేలా నేను లేను, అదే తప్పు.

అత్తమ్మ చెప్పిన పద్ధతి

మర్నాడు ఆదివారం. అత్తమ్మ దగ్గర కూర్చుని, "నన్ను తిట్టండి అత్తమ్మా" అన్నాను. ఆమె తిట్టలేదు. "మా సంఘంల ఇట్ల కాకుండె బిడ్డా" అన్నారు.

ఆమెది భువనగిరి దగ్గర పల్లె. డ్వాక్రా సంఘంలో పదిహేనేళ్లు ఉన్నారు. మనలో చాలామందికి డ్వాక్రా అంటే అమ్మలు, అమ్మమ్మలు లోన్ తెచ్చుకునే గ్రూపు అని మాత్రమే తెలుసు. దాని వెనక పెద్ద కథే ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబర్ 1న ఉమ్మడి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. సారాకి పోయే డబ్బు ఇంట్లో మిగలడం మొదలయ్యాక, నెల్లూరు ఆడవాళ్లు రోజుకో రూపాయి దాచే "పొదుపు లక్ష్మి" సంఘాలు పెట్టుకున్నారు. తర్వాత పొదుపు సంఘాలు ఊరూరా వచ్చాయి.

"రూపాయి గొప్ప కాదు. మీటింగ్‌ల పుస్తకం సదివేటోళ్లు. ఎవరు కట్టిన్రు, ఎవరు కట్టలే. కట్టనోళ్లని ముందుగాల ఏమైందని అడిగేటోళ్లు. పిల్లగానికి జ్వరమొచ్చిందంటే ఆ వారం ఊకునేటోళ్లు. నువ్వు పుస్తకం సదువుతున్నవ్ గని, ఏమైందని అడుగుతలేవు."

ఎంబీఏ చేసిన నాకు ఈ మాట ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు మా లెక్క

షీట్ ఉంది. రంగులు తీసేశాను. నెలకి రెండు ఆదివారాలు, అందరం కూర్చుని, ముందు "ఎవరికి ఏం ఇబ్బందైంది?" అని మొదలుపెడతాం. ఆ తర్వాతే అంకెలు. పాప కూడా కూర్చుంటుంది. మొన్న "నా షూస్ టైట్ అయినయ్, చెప్తే ఎరుపు వస్తదని చెప్పలే" అంది. రెండు నెలలు బిగుతు బూట్లతో స్కూలుకెళ్లింది నా బిడ్డ.

మొదట కార్డు. మార్చిలో మిగిలిన 7,800, ఏప్రిల్లో ఆస్పత్రి ఖర్చు పోగా మిగిలిన 2,400, రెండూ మే నెలలో కార్డుకే కట్టాం. మిగతాది జూన్‌లో. నలభై శాతం దాకా వడ్డీ తినే అప్పు పెట్టుకుని, ఆరు ఏడు శాతం వచ్చే చోట పొదుపు చేయడంలో అర్థం లేదు కదా. ఒక సంగతి, ఈ రెండు నెలలూ మందులు పూర్తిగా కొన్నాం.

జూలై నుంచి పోస్టాఫీసులో నెలకి 3,000 రికరింగ్ డిపాజిట్. నెలకి 100 రూపాయలతో కూడా మొదలుపెట్టొచ్చు. ఐదేళ్ల పథకం. 12 నెలలు కట్టాక, అవసరమైతే కట్టిన దాంట్లో సగం దాకా అప్పు తీసుకోవచ్చు. మూడేళ్ల తర్వాత ముందే మూసేయొచ్చు. పాప పేరున సుకన్య సమృద్ధిలో 1,000. పదేళ్లు నిండకముందే తెరవాలి, ఏడాదికి కనీసం 250 కట్టాలి. ఇంకో 2,000 యూపీఐకి లింక్ చేయని ఖాతాలో, ఆస్పత్రి లాంటి అత్యవసరానికి. ఆ ఖాతా ఫోన్లో కనపడదు కాబట్టే డబ్బు ఉంటోంది.

పెద్దవాళ్లం ముగ్గురికీ నెలకి 500 చొప్పున సొంత డబ్బు. దేనికి ఖర్చు పెట్టారని ఎవరూ అడగకూడదు. ఇది అన్నిటికంటే బాగా పనిచేసింది. దాచుకోవడానికి చోటు ఉంటే అబద్ధం అక్కర్లేదు.

ఇవి పోగా చిల్లర ఖర్చులకి ఇంకా దాదాపు మూడు వేలు ఉంటాయి. వాటిని నెల మొదట్లోనే విడిగా పెట్టుకుంటాం. చాయ్ మానలేదు. మానక్కర్లేదు కూడా.

కింది ఫ్లాట్ ఆంటీ లక్ష రూపాయల చిట్టీలో చేరమన్నారు. ఇరవై మంది, నెలకి 5,000. పాట పాడి 25,000 తగ్గించుకుంటే చేతికి 75,000 వస్తుంది. కమీషన్ 5,000 పోగా మిగిలిన 20,000 అందరికీ తలా వెయ్యి. పద్ధతి మంచిదే. కానీ నేను ఒకటే అడిగాను: "రిజిస్టర్ అయిందా ఆంటీ?" 1982 చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం రిజిస్ట్రార్ దగ్గర అనుమతి ఉండాలి, నడిపేవాళ్లు సెక్యూరిటీ కట్టాలి, కమీషన్ 7 శాతం దాటకూడదు. "అందరం తెలిసినోళ్లమే కదమ్మా" అన్నారు ఆంటీ. మేం చేరలేదు. తెలిసినవాళ్ల దగ్గర పోతే డబ్బూ పోతుంది, అడిగే నోరూ పోతుంది.

మందుల సంగతి. డాక్టరమ్మని అడిగే చేశాం. అత్తమ్మ బీపీ, షుగర్ మాత్రలు ఇప్పుడు ప్రభుత్వ దవాఖానాలో ఉచితంగా తెచ్చుకుంటున్నారు, మిగతా ఒకటి జనరిక్ షాపులో. నెలకి 410. అంటే ఖర్చు నిజంగానే తగ్గింది, ఒక్క మాత్ర కూడా మానకుండా! ముందే నోరు తెరిచి మాట్లాడుకుని ఉంటే మార్చిలోనే తగ్గేది. మిగిలిన 870 అత్తమ్మ పేరున ఒక డబ్బాలో వేస్తున్నాం, ఏడాదికోసారి పరీక్షలకి.

మీరూ ఈ నెల లెక్క రాయండి. తప్పకుండా రాయండి. కానీ ఏదైనా ఖర్చు ఉన్నట్టుండి సగమైతే, సంతోషించే ముందు ఒకసారి ఆ మనిషి దగ్గరికి వెళ్లి అడగండి.

మా ఫ్రిజ్ మీద ఇప్పుడు మాత్రల క్యాలెండర్ ఉంది. రోజూ రాత్రి బాబు ఒక టిక్ పెడతాడు. నిన్న పెట్టడం మర్చిపోయి పడుకున్నాడు. అత్తమ్మ వాణ్ని లేపి మరీ టిక్ పెట్టించారు.